ఓటు మీది, కుర్చీ మాది: 1868లో జార్జియా శాసనసభ తన సభ్యులనే గెంటేసిన తీరు

1868లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర శాసనసభకు ఎంతమంది నల్లజాతి సభ్యులు ఎన్నికయ్యారు? చిన్న ప్రశ్నే, కానీ జవాబు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొందరు 32 అంటారు. ఎక్కువగా వినిపించేది 33. వాళ్లలో ఎంతమందిని సభ నుంచి వెళ్లగొట్టారన్న లెక్క కూడా ఇలాగే మారుతూ ఉంటుంది. చరిత్రకారులు లెక్కలు రాక తప్పులు చేశారని కాదు. ఎవరు సభ్యుడు, ఎవరు కాదు, ఎవరు నల్లవాడు, ఎవరు కాదు అన్నదే ఆ సభలో అతి పెద్ద తగాదా. ఏ తేదీన చూస్తే ఆ తేదీకి జాబితా వేరు.

ఈ ఘటనను మామూలుగా ఒక్క వాక్యంలో చెప్పేస్తారు: జాతి ద్వేషంతో తెల్లవాళ్లు నల్లవాళ్లను బయటికి తోశారు అని. అది నిజమే. కానీ ఎలా తోశారన్నది ఆ వాక్యంలో ఉండదు. ఎవరూ తుపాకీ పట్టుకుని సభలోకి దూకలేదు. తీర్మానం పెట్టారు, చర్చ జరిగింది, ఓటింగు పెట్టారు, మినిట్స్ రాసుకున్నారు. చట్టం పుస్తకం చేతిలో పట్టుకునే చేశారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా భయం కలిగించే విషయం అదే, అందుకే దాన్ని దారం దారంగా విప్పి చూడాలి.

ముందు కాస్త నేపథ్యం. 1865లో అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం రద్దయింది. ఓడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు ఏమీ జరగనట్టే పాత నాయకులతో మళ్లీ ఢిల్లీ దర్బారులాంటి వాషింగ్టన్‌కు బయల్దేరాయి. జార్జియా శాసనసభ 1866 జనవరిలో అమెరికా సెనేట్‌కు ఎన్నుకున్నది ఎవరినో తెలుసా? దక్షిణాది రాష్ట్రాలు విడిగా పెట్టుకున్న తిరుగుబాటు ప్రభుత్వంలో ఉపాధ్యక్షుడిగా పనిచేసిన అలెగ్జాండర్ స్టీఫెన్స్‌ని. కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఆయన్ని లోపలికి రానివ్వలేదు. 1867 మార్చిలో పునర్నిర్మాణ చట్టాలు వచ్చాయి. పది రాష్ట్రాలను అయిదు సైనిక మండలాలుగా విడగొట్టారు. జార్జియా, అలబామా, ఫ్లోరిడా మూడో మండలంలోకి వచ్చాయి. షరతులు స్పష్టంగా ఉన్నాయి: నల్లజాతి పురుషులకు ఓటివ్వాలి, కొత్త రాజ్యాంగం రాసుకోవాలి, అమెరికాలో పుట్టినవారికి పౌరసత్వం ఇచ్చే 14వ సవరణను ఆమోదించాలి. అప్పుడే కాంగ్రెస్‌లో మళ్లీ చోటు.

సైన్యం ఆధ్వర్యంలో ఓటర్ల నమోదు జరిగింది. జార్జియాలో తెల్ల ఓటర్లు, నల్ల ఓటర్లు ఇంచుమించు సమానంగా తేలారు. మూడేళ్ల కిందట వరకూ సంతలో అమ్ముడుపోయిన మనుషులు పోలింగు దగ్గర వరసలో నిలబడ్డారు.

రాజ్యాంగంలో రాయని మాట

మొదటి ముడి ఇక్కడే పడింది. 1867 డిసెంబరు నుంచి 1868 మార్చి వరకూ అట్లాంటాలో రాజ్యాంగ సభ జరిగింది. అందులో ముప్పైమందికి పైగా నల్లజాతి ప్రతినిధులున్నారు. ఓటు హక్కు గురించి స్పష్టంగా రాశారు: 21 ఏళ్లు నిండిన పురుషులకు రంగుతో సంబంధం లేకుండా ఓటు. రాష్ట్రంలో నివసించే, అమెరికాలో పుట్టిన వారందరూ పౌరులని కూడా రాశారు. ముసాయిదాలో ఇంకో వాక్యం ఉండేది. ఓటు వేయడానికి అర్హులైనవారంతా పదవులు చేపట్టడానికీ అర్హులే అని. ఆ వాక్యాన్ని భారీ మెజారిటీతో తీసేశారు.

తీసేయడానికి నల్లజాతి ప్రతినిధుల్లో చాలామంది కూడా ఒప్పుకున్నారు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మనకు అయ్యో అనిపిస్తుంది. కానీ వాళ్ల వైపు నుంచి ఆలోచించండి. ఓటు వేసే హక్కు ఉంటే పోటీ చేసే హక్కు ఉన్నట్టే కదా, దాన్ని విడిగా రాయాల్సిన పనేముంది అనుకున్నారు. పైగా ఆ వాక్యం కనిపిస్తే తెల్ల ఓటర్లు రాజ్యాంగానికి వ్యతిరేకంగా ఓటేస్తారని రిపబ్లికన్ మిత్రులు నచ్చజెప్పారు. అప్పటి రిపబ్లికన్లంటే లింకన్ పార్టీ వాళ్లు, నల్లవారి ఓట్లు పడేది వాళ్లకే.

మరో పక్క అదే ఖాళీని చూపించి వేరే ప్రచారం సాగింది. యుద్ధకాలంలో జార్జియా గవర్నరుగా ఉండి, ఆ తర్వాత రిపబ్లికన్లలో చేరిన జోసెఫ్ బ్రౌన్ తెల్లవారి సభల్లో బాహాటంగానే చెప్పాడు, ఈ రాజ్యాంగం నల్లవారికి ఓటు ఇస్తుందే గానీ పదవులు ఇవ్వదని. ఒకే పుస్తకాన్ని ఇద్దరికి రెండు రకాలుగా చదివి వినిపించారు. ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగాయి. రాజ్యాంగం నెగ్గింది. గవర్నరుగా రిపబ్లికన్ రూఫస్ బుల్లక్ గెలిచాడు. మాజీ తిరుగుబాటు సైన్య జనరల్ జాన్ గోర్డన్ ఓడిపోయాడు. 44 మంది ఉన్న రాష్ట్ర సెనేట్‌కు ముగ్గురు నల్లజాతి సభ్యులు వచ్చారు: ట్యునిస్ క్యాంప్‌బెల్, జార్జ్ వాలెస్, ఆరన్ బ్రాడ్లీ. మిగతావాళ్లు 175 మంది ఉండే ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు.

వీళ్లలో ఎక్కువమంది చర్చి పాస్టర్లు, చేతివృత్తుల వాళ్లు, రైతులు. వాళ్లకు మాట అయిన మనిషి హెన్రీ మెక్‌నీల్ టర్నర్. 1834లో దక్షిణ కరోలినాలో, బానిసగా కాకుండా స్వేచ్ఛాజీవిగా పుట్టాడు. ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి బోధకుడు. 1863లో లింకన్ సైన్యంలో నల్లజాతి దళానికి చాప్లిన్‌గా, అంటే సైనికుల మతబోధకుడిగా చేరాడు, ఆ పదవిలో నియమితుడైన మొదటి నల్లజాతీయుడు. మేకన్ పట్టణం ఉన్న బిబ్ కౌంటీ నుంచి గెలిచి వచ్చాడు.

తన సభ్యులకు తానే న్యాయమూర్తి

రెండో ముడి ప్రతి శాసనసభకూ ఉండే ఒక పాత అధికారం. సభ్యుల ఎన్నిక చెల్లుతుందా, వాళ్లకు అర్హత ఉందా అన్నది ఆ సభే తేల్చుకోవచ్చు. రాజు సభలోకి తలదూర్చకుండా ఇంగ్లండులో పార్లమెంటు సంపాదించుకున్న రక్షణ అది. మంచి ఉద్దేశంతో పుట్టిందే. కానీ మెజారిటీ చేతిలో పడితే అది మైనారిటీ మెడకు కత్తి అవుతుంది.

జార్జియా సభ ఆ అధికారాన్ని రెండు నెలల తేడాలో రెండుసార్లు వాడింది. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. సభ 1868 జూలై 4న సమావేశమైంది. 14వ సవరణలోని మూడో భాగం ప్రకారం, ఒకప్పుడు అమెరికా రాజ్యాంగానికి కట్టుబడి ఉంటామని ప్రమాణం చేసి పదవిలో ఉండి, తర్వాత తిరుగుబాటులో చేరినవాళ్లు మళ్లీ పదవులు పట్టకూడదు. మీలో అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడండని సైనికాధికారి జనరల్ జార్జ్ మీడ్ అడిగాడు. రెండు సభలూ విచారణ చేశాయి. అనర్హులెవరూ లేరని తేల్చాయి! యుద్ధం ముగిసి మూడేళ్లే అయిన జార్జియాలో, ఒక్కరు కూడా దొరకలేదట. మీడ్ దాన్ని అంగీకరించాడు.

జూలై 21న శాసనసభ 14వ సవరణను ఆమోదించింది. దాంతో షరతులన్నీ తీరినట్టే లెక్క, సైనిక పాలన ఎత్తేశారు. ఇవాళ అట్లాంటా చుట్టుపక్కల ఎన్నో తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. అక్కడ పుట్టిన పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం ఇచ్చేది ఆ సవరణే. జార్జియాలో దాన్ని ఆమోదించిన సభలో ఈ నల్లజాతి సభ్యులూ కూర్చుని ఉన్నారన్న సంగతి వాళ్లకు తెలిస్తే బాగుండును.

సైన్యం పక్కకు జరగగానే, ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, రెండో విచారణ మొదలైంది. ఈసారి ప్రశ్న తిరుగుబాటుదారుల అర్హత గురించి కాదు, నల్లవారి అర్హత గురించి. సెనేట్‌లో మిల్టన్ క్యాండ్లర్ అనే సభ్యుడు జూలైలోనే ఈ ప్రశ్న లేవనెత్తాడు. ఆగస్టులో బ్రాడ్లీ మీద న్యూయార్క్‌లో పాత నేరం ఉందన్న ఆరోపణ తెచ్చారు, అతను రాజీనామా చేశాడు. ఆ తర్వాత నేరం, ఆరోపణ ఏమీ అక్కర్లేకపోయింది. రంగు చాలు.

వెళ్లగొట్టాలన్నవాళ్ల వాదన ఇది. పౌరుడైనంత మాత్రాన పదవికి అర్హుడు కాడు. ఆడవాళ్లు పౌరులే, పిల్లలూ పౌరులే, వాళ్లు పదవుల్లో లేరు కదా. పదవి చేపట్టే హక్కును చట్టం ప్రత్యేకంగా ఇస్తేనే ఉంటుంది. రాజ్యాంగ సభ ఆ వాక్యాన్ని కావాలనే తీసేసింది, కాబట్టి ఆ హక్కు లేదు. పైకి తర్కంగానే కనిపిస్తుంది. కానీ దీనిలో ఒక మోసం ఉంది. తెల్లవారికి పదవి హక్కు ఇస్తున్నామని కూడా రాజ్యాంగంలో ఎక్కడా విడిగా రాయలేదు. మౌనం ఇద్దరి గురించీ ఒకటే. ఒకరి విషయంలో దాన్ని ఔనని, ఇంకొకరి విషయంలో కాదని చదివారు.

సెప్టెంబరు 3న టర్నర్ మాట్లాడాడు. ఆ ప్రసంగం ఇప్పటికీ చదవడానికి దొరుకుతుంది, తప్పక చదవాలి. ఏ పార్టీ ముందూ వంగనని, నా హక్కుల కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనని మొదట్లోనే తేల్చి చెప్పాడు. నా హక్కులు డిమాండ్ చేయడానికి వచ్చాను, నా మనిషితనం గడప దాటి రావడానికి తెగించినవాళ్ల మీద పిడుగులు విసరడానికి వచ్చాను అన్నాడు. అసలు ప్రశ్నను చట్టంలోంచి బయటికి లాగి అందరి ముందూ పెట్టాడు: నేను మనిషినా, కాదా? మనిషినైతే మనిషికుండే హక్కులు నావి. రెండు వందల యాభై ఏళ్లుగా మీ పొలాల్లో పనిచేశాం, మీ పంటలు ఇంటికి చేర్చాం, మా తండ్రులు కార్చిన చెమటకు పరిహారం అడుగుతున్నామా? లేదు, మా హక్కులు అడుగుతున్నాం అంటాడు. చట్టం మాట కూడా వదల్లేదు. రంగును బట్టి తేడా చూపకూడదన్న పునాది మీదే కదా పునర్నిర్మాణ చట్టాలు నిలబడింది అని నిలదీశాడు. మమ్మల్ని వెళ్లగొట్టగలరు, కానీ ఏదో ఒకరోజు దీనికి పశ్చాత్తాపపడతారని హెచ్చరించాడు.

ఆ రోజే ఓటింగు జరిగింది. 83 మంది వెళ్లగొట్టాలని, 23 మంది వద్దని. 175 సీట్ల సభలో పడిన ఓట్లు 106 మాత్రమే. ఈ అంకెలో ఒక విషయం దాగుంది. నల్లవారి ఓట్లతో గెలిచిన తెల్ల రిపబ్లికన్లలో చాలామంది అటువైపు చేతులెత్తారు, లేదా ఓటింగుకే రాలేదు. అప్పట్లో దక్షిణాది తెల్లవారి పార్టీ అయిన డెమోక్రాట్ల శత్రుత్వం ఊహించిందే. సొంత పార్టీ వాళ్లు వదిలేయడమే ఈ బహిష్కరణను సాధ్యం చేసింది. సెప్టెంబరు 12న సెనేట్ 24–11 ఓట్లతో క్యాంప్‌బెల్‌ని, వాలెస్‌ని తీసేసింది.

ఎవరు నల్లవాడన్నది తేల్చే పని ఇంకా వింతగా జరిగింది. జార్జియా కోడ్, అంటే రాష్ట్ర చట్టాల సంపుటి ప్రకారం ఎనిమిదో వంతు ఆఫ్రికన్ రక్తం ఉంటే నల్లజాతి కిందే లెక్క. నలుగురు సభ్యుల చర్మం బాగా తెల్లగా ఉంది. వాళ్ల వంశంలో ఎనిమిదో వంతు నిరూపించడం కుదరక బహిష్కరణలో వాళ్లను పక్కన పెట్టారు. ఏథెన్స్ ప్రాంతం నుంచి వచ్చిన మ్యాడిసన్ డేవిస్ వాళ్లలో ఒకడు. మొదట్లో చెప్పిన లెక్కల తేడాకు ఒక కారణం ఇది. ఖాళీ అయిన కుర్చీల్లో ఎవరు కూర్చున్నారు? ఏప్రిల్‌లో వాళ్ల చేతిలో ఓడిపోయిన అభ్యర్థులు. గెలిచినవాడు అనర్హుడైతే రెండో స్థానంలో వచ్చినవాడిదే సీటు అన్నారు. అంటే ఆయా కౌంటీల ప్రజలు ఎవరిని వద్దనుకున్నారో వాళ్లే ప్రజాప్రతినిధులయ్యారు.

సభ బయట జరిగింది

సభలో కాగితం మీద జరిగినదానికీ ఊళ్లలో జరిగినదానికీ మధ్య గోడ లేదు. ఓటింగు జరిగి పదహారు రోజులైనా సీటు పోగొట్టుకున్న ఫిలిప్ జాయినర్ ఇంట్లో కూర్చోలేదు. సెప్టెంబరు 19న ఆల్బనీ నుంచి కమిల్లా అనే ఊరికి జనంతో కలిసి రిపబ్లికన్ సభకు నడిచి వెళ్లాడు. ఆ ఊరి తెల్లవాళ్లు కాల్పులు జరిపారు. కనీసం తొమ్మిది మంది చనిపోయారు, ఎంతోమంది గాయపడ్డారు. నవంబరులో అధ్యక్ష ఎన్నికలు. కొలంబియా కౌంటీలో ఏప్రిల్‌లో బుల్లక్‌కి 1,222 ఓట్లు పడ్డాయి. నవంబరులో అదే పార్టీ అభ్యర్థి గ్రాంట్‌కి పడింది ఒక్క ఓటు. ఒక్కటే. ఆ ఒక్క ఓటు వేసిన మనిషి ఎవరో గానీ, అతని ధైర్యం గురించి ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను.

గ్రీన్ కౌంటీ సభ్యుడు ఏబ్రమ్ కోల్బీ కథ ఇంకా దారుణం. ఇతను బానిసగా పుట్టినవాడు. సీటు వదులుకుంటే 2,500 డాలర్లు, పార్టీ మారితే 5,000 డాలర్లు ఇస్తామన్నారు. కౌంటీ మొత్తం రాసిచ్చినా ఒప్పుకోనని చెప్పాడు. 1869 అక్టోబరులో ఒక రాత్రి నల్లవారి మీద దాడులు చేసే తెల్లవారి రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్ మనుషులు తలుపు పగలగొట్టి, మంచం మీద నుంచి అడవిలోకి ఈడ్చుకుపోయి, మూడు గంటలపాటు కొట్టారు. మధ్యలో ఆపి అడిగారట, మళ్లీ ఆ పార్టీకి ఓటేస్తావా అని. రేపు ఎన్నికలుంటే రేపే వేస్తానన్నాడు. మళ్లీ కొట్టారు. రెండేళ్ల తర్వాత కాంగ్రెస్ కమిటీ ముందు ఆయన ఇదంతా చెప్పాడు. కొట్టినవాళ్లు ఎవరని అడిగితే, వాళ్లలో ఒక లాయరు, ఒక డాక్టరు, కొందరు రైతులు, ఊళ్లో పెద్దమనుషులే అన్నాడు.

ఈలోగా కోర్టులో వింత మలుపు వచ్చింది. సవానాలో రిచర్డ్ వైట్ అనే నల్లజాతి వ్యక్తి కోర్టు క్లర్కు పదవికి ఎన్నికయ్యాడు. ఓడిపోయిన విలియం క్లెమెంట్స్, నల్లవాడికి పదవి చెల్లదంటూ దావా వేశాడు. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1869 జూన్‌లో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు వైట్ పక్షాన తీర్పిచ్చారు. ఆధారం ఏమిటంటే, 1868 రాజ్యాంగం తనలో కలుపుకున్న రాష్ట్ర కోడ్. యుద్ధానికి ముందే తయారైన ఆ కోడ్‌లో పౌరుల హక్కుల జాబితా ఉంది. పదవి చేపట్టే హక్కు అందులో ఉంది. రాసినప్పుడు పౌరుడంటే తెల్లవాడే. ఇప్పుడు పౌరుల్లో అందరూ ఉన్నారు కాబట్టి ఆ హక్కూ అందరిదీ. ఈ తీర్పుతో ఏకీభవించిన ప్రధాన న్యాయమూర్తి ఎవరనుకున్నారు? జోసెఫ్ బ్రౌన్. కొత్త రాజ్యాంగం నల్లవారికి పదవులివ్వదని ఊరూరా చెప్పిన మనిషే. కోడ్ మాత్రం ఇస్తుందన్నాడు.

ఒక క్లర్కు పదవి దక్కింది గానీ, సభ్యులకు సీట్లు రాలేదు. సభ్యత్వం తేల్చేది సభేనన్న ముడి అలాగే ఉండిపోయింది. పైగా ఆ సభ 1869 మార్చిలో, రంగు కారణంగా ఓటు నిరాకరించకూడదనే 15వ సవరణను కూడా తిరస్కరించింది.

మళ్లీ సైన్యం

ఈ దెబ్బతో కాంగ్రెస్ ఓపిక నశించింది. 1869 డిసెంబరు 22న జార్జియా కోసమే ఒక చట్టం చేసింది. 1868లో ఎన్నికైనవాళ్లందరినీ మళ్లీ పిలవాలి, రంగు కారణంగా ఎవరినీ వెళ్లగొట్టకూడదు, తిరుగుబాటు విషయంలో తాను అనర్హుడిని కానని ప్రతి సభ్యుడూ ప్రమాణం చేయాలి, 15వ సవరణను ఆమోదిస్తేనే కాంగ్రెస్‌లో చోటు. 1870 జనవరిలో జనరల్ ఆల్ఫ్రెడ్ టెర్రీ పర్యవేక్షణలో ఇది అమలైంది. నల్లజాతి సభ్యులు తిరిగి తమ కుర్చీల్లో కూర్చున్నారు. పదిహేడు నెలల కిందట ఒక్కరూ అనర్హులు లేరన్న సభలో ఇప్పుడు ప్రమాణం చేయలేక, చేసినా చెల్లక, ఇరవై మందికి పైగా బయటికి వెళ్లారు. రెండో స్థానంలో వచ్చినవాడికే సీటు అన్న సూత్రాన్ని ఈసారి రిపబ్లికన్ల కోసం వాడారు.

సైన్యాధికారి శాసనసభ సభ్యుల జాబితా సరిచేయడం ప్రజాస్వామ్యంలో మింగుడుపడే విషయం కాదు. టెర్రీ చర్యను దౌర్జన్యమని తిట్టిన పుస్తకాలు చాలాకాలం రాజ్యమేలాయి. నేను ఆ పక్షాన లేను. ఓడిపోయినవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టుకున్న సభకు ప్రజల పేరు చెప్పుకునే అర్హత అప్పటికే పోయింది. టెర్రీ చేసిన పనిలో అతి ముఖ్యమైన భాగం ఓటర్లు ఎన్నుకున్నవాళ్లను వెనక్కి తేవడం.

ఫిబ్రవరి 2న సభ 15వ సవరణను ఆమోదించింది. జూలై 15న జార్జియా తిరిగి కాంగ్రెస్‌లో చేరింది, తిరుగుబాటు రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఆఖరున. డిసెంబరు ఎన్నికల్లో డెమోక్రాట్లు సభను గెలుచుకున్నారు. తనమీద అభిశంసన తప్పదని తెలిసి బుల్లక్ 1871 అక్టోబరులో రాజీనామా చేసి రాష్ట్రం విడిచి వెళ్లిపోయాడు. క్యాంప్‌బెల్‌ని కేసులో ఇరికించారు. 1876లో, అరవై దాటిన వయసులో, ఆయన్ని ఖైదీగా కూలికి పంపారు. 1877 రాజ్యాంగం బకాయి పన్నులన్నీ కడితేనే ఓటు అంది. 1908 సవరణతో చదువు పరీక్షలు వచ్చాయి. అప్పటికి తీరప్రాంతపు మెకింటోష్ కౌంటీ నుంచి వస్తూ ఉన్న చివరి నల్లజాతి సభ్యుడూ సభలో లేడు. మళ్లీ ఒక నల్లజాతి సభ్యుడు, లెరాయ్ జాన్సన్, జార్జియా సెనేట్‌కు ఎన్నికైంది 1962లో.

సభే తన సభ్యులకు న్యాయమూర్తి అన్న రెండో ముడి మాత్రం 1966 వరకూ విడిపోలేదు. అట్లాంటా నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన జూలియన్ బాండ్ అనే నల్లజాతి యువకుడు వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే ప్రకటనను సమర్థించాడు. 1966 జనవరి 10న సభ 184–12 ఓట్లతో అతన్ని ప్రమాణం చేయనివ్వలేదు. ఈసారి రంగు పేరు ఎత్తలేదు, రాజ్యాంగానికి కట్టుబడతానన్న అతని ప్రమాణంలో నిజాయితీ లేదన్నారు. బాండ్ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. డిసెంబరు 5న న్యాయమూర్తులంతా ఒక్కమాటగా తీర్పిచ్చారు. సభ్యుడి ప్రమాణం నిజాయితీగా చేసిందా కాదా అని అతని అభిప్రాయాలను బట్టి తేల్చే అధికారం సభకు లేదని, మాట్లాడే స్వేచ్ఛ శాసనసభ్యుడికీ ఉంటుందని చెప్పారు. సభ తేల్చుకున్నదే ఆఖరు కాదు, అది రాజ్యాంగాన్ని దాటితే కోర్టు చూస్తుందని స్థిరపడింది. 1967 జనవరిలో బాండ్ తన సీట్లో కూర్చున్నాడు. తర్వాత సెనేట్‌కు కూడా వెళ్లి, ఇరవై ఏళ్లపాటు జార్జియా శాసనసభలో ఉన్నాడు.